ఎస్‌ఎంపీఎస్ మార్చాలా, అక్కర్లేదా? – మా పేటలో ఒక పంచాయితీ

"అన్నయ్యా, ఎస్‌ఎంపీఎస్ మార్చాలంటావా?"

ఆ మధ్య ఒక ఆదివారం పొద్దున్నే జగ్గయ్యపేట నుంచి మా తమ్ముడి ఫోను. తమ్ముడంటే మా బాబాయి కొడుకు. సాఫ్టువేరు ఇంజనీరన్నాక ఊళ్ళో ఎవరి కంప్యూటరు ఆగిపోయినా, ప్రింటరు కాగితం మింగినా, ఆఖరికి టీవీ రిమోటు పనిచెయ్యకపోయినా మనకే ఫోను. ఈ బాధ మీ అందరికీ తెలిసిందే :) మనం రాసేది జావా అనీ, హార్డువేరు మన సబ్జెక్టు కాదనీ చెప్పినా ఎవరూ నమ్మరు. అయితే ఈసారి ఫోను వచ్చిన కంప్యూటరు నాదే. అదీ సంగతి.

2015లో ఇంజనీరింగులో చేరినప్పుడు మా నాన్న నాకు కొనిపెట్టిన కంప్యూటరది. ఐ5-4460 ప్రాసెసరు, 8 జీబీ ర్యాము, జీటీఎక్స్ 750 టీఐ గ్రాఫిక్స్ కార్డు. "ప్రాజెక్టుల కోసం" అని ఇంట్లో చెప్పి, నాలుగేళ్ళు గేములే ఆడాను. ఇప్పుడు దాచిపెట్టి లాభం లేదు. 2019లో ఉద్యోగం వచ్చి హైదరాబాదు వెళ్ళిపోతూ, నందిగామలో మా ఇంటి నుంచి పేటలో బాబాయి వాళ్ళింటికి దాన్ని చేరవేశాను. (మావైపు జగ్గయ్యపేటని పేట అనే అంటారు లెండి. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీశాక కాగితాల మీద ఎన్టీఆర్ జిల్లా అయ్యాం గానీ, ఎవరైనా అడిగితే ఇప్పటికీ నోట్లోంచి కృష్ణా జిల్లా అనే వస్తుంది.)

తమ్ముడు డిగ్రీ చదువుతూ పక్కన పెళ్ళిళ్ళ వీడియోలు ఎడిటింగు చేస్తున్నాడు. ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, ఏదొస్తే అది. వాడి బస్సు చార్జీలు, ఫోను రీచార్జీలు అందులోంచే వెళ్ళిపోతున్నాయి. ఆ డబ్బులే కూడబెట్టి ఎవరో వాడిన జీటీఎక్స్ 1660 సూపర్ కార్డు ఒకటి ఏడున్నర వేలకి బేరం చేశాడు. ఎడిటింగు తొందరగా అవుతుంది, రాత్రిళ్ళు గేములూ ఆడుకోవచ్చు. అక్కడ మొదలైంది పంచాయితీ.

పేటలో షాపతను చూసి "650 వాట్లది వెయ్యాల్సిందే, లేకపోతే కాలిపోద్ది" అన్నాడట. నందిగామలో వాడి ఫ్రెండు "నీ డబ్బా మీద 450 అని రాసుందిగా, కంపెనీ వాడే 1660 సూపర్‌కి 450 చాలన్నాడు, షాపోడు నీకు టోపీ పెడుతున్నాడు" అన్నాడట. కార్డు అమ్మేవాడు ఇంకో అడుగు ముందుకేసి "వైరు లేకపోతే ఏం, నేను కన్వర్టరు ఫ్రీగా ఇస్తా" అన్నాడట. ఇక ఇంటర్నెట్‌లో అడిగితే చెప్పేదేముంది, "850 గోల్డ్ కొను, ప్రశాంతంగా పడుకో" అనేవాళ్ళే అందరూ. వాళ్ళ సొమ్మేం పోయింది!

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత తిట్టేవాళ్ళు తిట్టొచ్చు. ఈ నలుగురూ తప్పే. ఎందుకంటే నలుగురూ డబ్బా మీది వాట్ల అంకె గురించే మాట్లాడుతున్నారు. అడగాల్సిన ప్రశ్నలు వేరే నాలుగున్నాయి. మన కంప్యూటరు నిజంగా ఎంత తాగుతోంది? ఈ డబ్బా 12 వోల్టుల మీద నిజంగా ఎంత ఇవ్వగలదు? దాని వయసెంత, ఎలా బతికింది? చివరిగా, అది ఏ గోడకి తగిలించి ఉంది? నాలుగోది ఎవరూ అడగరు. నేను కూడా అడగలేదు, మా పిన్ని చెప్పేదాకా.

శనివారం బస్సెక్కి చిల్లకల్లులో దిగి ఆటో పట్టుకుని పేట చేరాను. చేతిలో ఒక మల్టీమీటరు, అంతే.

మొదటి ప్రశ్న: ఎంత తాగుతోంది?

మన ఆఫీసుల్లో కొత్త సర్వరు అడిగితే మేనేజరు ఏమంటాడు? "ఇప్పుడున్న లోడెంత, గ్రాఫు చూపించు" అంటాడు. మరి ఇంట్లో కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి మనమే గ్రాఫు లేకుండా కొనేస్తాం. కొలవడానికి ప్రత్యేకమైన పరికరాలున్నాయి గానీ, అవేమీ లేకుండా కొలిచే దారి ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉంది. కరెంటు మీటరు.

మీటరు మీద ఒక ఎర్ర లైటు టిక్కు టిక్కుమని వెలుగుతుంటుంది చూశారా? దాని పక్కన ఒక యూనిట్టుకి ఎన్నిసార్లు వెలుగుతుందో రాసుంటుంది. బాబాయి వాళ్ళ మీటరు మీద 3200 అని ఉంది. అంటే 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్టు. యూనిట్టంటే 36 లక్షల జౌళ్ళు, కాబట్టి ఒక్కో వెలుగు 1125 జౌళ్ళు. ఐదు నిమిషాల్లో అంటే 300 సెకన్లలో లెక్కపెడితే ఒక్కో వెలుగుకి 3.75 వాట్లు. అంతే లెక్క. మీ మీటరు మీద వేరే అంకె ఉంటే దాన్ని బట్టి మార్చుకోండి.

ఫ్రిజ్జు, ఫ్యాన్లు, ఇన్వర్టరు చార్జింగు అన్నీ ఆపించి, ఒక్క కంప్యూటరు గది మాత్రమే ఉంచాం. "ఫ్రిజ్జులో పాలు విరిగితే మీ ఇద్దరితో తాగిస్తా" అని పిన్ని వార్నింగు. తమ్ముడు లోపల గేము నడిపాడు, నేను వరండాలో మీటరు దగ్గర నిలబడి లెక్కపెట్టాను. కంప్యూటరు ఊరికే ఉన్నప్పుడు ఐదు నిమిషాల్లో 18 సార్లు, అంటే 67 వాట్ల చిల్లర. గేము జోరుగా నడుస్తున్నప్పుడు 52 సార్లు, అంటే 195 వాట్లు. ఇందులో మానిటరుకి ఓ 20 తీసేస్తే, కంప్యూటరు గోడ నుంచి లాగేది సుమారు 175. ఎస్‌ఎంపీఎస్ ఏసీని డీసీగా మార్చేటప్పుడు కొంత వేడిగా పోతుంది కదా. ఇలాంటి పాత డబ్బా నూటికి డెబ్బై ఐదు వంతులు లోపలికి పంపిందనుకున్నా, లోపలి భాగాలు వాడుకునేది 130 వాట్లు మాత్రమే.

చూశారా? 450 అని రాసుంది, 130 వాడుతున్నాం. ఇక్కడిదాకా చూస్తే నందిగామ ఫ్రెండు మాటే నిజమనిపిస్తుంది. తమ్ముడి మొహం వెలిగిపోయింది. ఆగరా అబ్బాయ్, ఇంకా మూడున్నాయి అన్నాను.

రెండో ప్రశ్న: డబ్బా ఎంత ఇవ్వగలదు?

ఈ డబ్బా క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చింది. 2015లో నేను ప్రాసెసరు గురించి, కార్డు గురించి నెలరోజులు చదివాను గానీ, ఎస్‌ఎంపీఎస్ ఏదని అడగనే లేదు. "క్యాబినెట్‌తో 450 వాట్లది వస్తుంది" అంటే ఓహో అనుకున్నా. పక్క మూత తీసి టార్చి లైటు వేసి లేబులు చదివితే ఇలా ఉంది: 3.3 వోల్టుల మీద 24 ఆంపియర్లు, 5 వోల్టుల మీద 30, 12 వోల్టుల మీద 16.

గుణించి చూడండి. 79, 150, 192. మిగతా చిన్నాచితకా కూడా కలిపితే 437 వస్తుంది. అంటే వాళ్ళు రాసుకున్న అంకెలన్నీ కూడినా వాళ్ళు రాసుకున్న 450 రాదు! పైగా అసలు సమస్య అది కాదు. ప్రాసెసరూ, గ్రాఫిక్స్ కార్డూ తినేది దాదాపు అంతా 12 వోల్టుల నుంచే. పెంటియం 4 వచ్చిన దగ్గర్నుంచి, అంటే 2000 తర్వాత, ప్రాసెసరు బరువు 5 వోల్టుల నుంచి 12 వోల్టుల మీదకి మారిపోయింది. ఈ చౌక డబ్బాలు మాత్రం ఇంకా పాతకాలం పంపకాలే చేస్తున్నాయి. 5 వోల్టుల మీద 150 వాట్లు ఇస్తానంటాడు, అక్కడ అడిగేవాడు లేడు. అందరూ క్యూ కట్టేది 12 దగ్గర, అక్కడ ఉన్నది 192 మాత్రమే.

ఇప్పుడు కూడిక. ఐ5-4460కి ఇంటెల్ చెప్పేది 84 వాట్లు. జీటీఎక్స్ 750 టీఐకి 60. ఫ్యాన్లకి, డిస్కులకి ఓ 20 వేసుకుంటే 164. 192లోపే ఉంది. అందుకే పదేళ్ళు కిక్కురుమనకుండా లాగింది. 750 టీఐ తీసి 1660 సూపర్ పెడితే? దానికి 125. 84, 125, 20 కలిపితే 229. డబ్బా చేవ 192. ఇది అభిప్రాయం కాదు, కూడిక.

మరి కంపెనీ వాడు 450 చాలన్నాడు కదా అంటారా? అన్నాడు. వాడు అన్నది నిజంగా 450 ఇచ్చే డబ్బా గురించి. ఈ రోజుల్లో మంచి కంపెనీ డబ్బాల్లో మొత్తం వాట్లలో చాలా భాగం 12 వోల్టుల మీదే ఇస్తారు.

ఇదంతా మంచం మీద కూర్చుని వింటున్న బాబాయి మధ్యలో అందుకున్నాడు. "అంటే మోటారు ప్లేటు మీద ఐదు హెచ్‌పీ అని కొట్టి, నీళ్ళు మూడు హెచ్‌పీవి పోసినట్టన్నమాట" అన్నాడు. నేను అరగంట చెప్పింది ఒక్క ముక్కలో తేల్చేశాడు. బోర్ల కింద మిర్చి, పత్తి వేసి, ఎన్ని మోటార్లు కాల్చుకున్నారో మా మెట్టలో రైతులకి తెలుసు. లేబులుని నమ్మకూడదని వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

కన్వర్టరు సంగతి కూడా చెప్పాలి. 1660 సూపర్‌కి 8 పిన్నుల పవర్ వైరు కావాలి. మదర్‌బోర్డు స్లాటు నుంచి కార్డుకి వచ్చేది గరిష్ఠంగా 75 వాట్లు, మిగతాది ఆ వైరు నుంచి రావాలి. మా డబ్బాకి అసలా వైరే లేదు. 750 టీఐకి స్లాటు చాలింది కాబట్టి అవసరం పడలేదు. లేని వైరుని రెండు మోలెక్స్ వైర్లు కలిపి కన్వర్టరుతో పుట్టించొచ్చు. కానీ వైరు పుట్టించినంత మాత్రాన వెనకాల కరెంటు పుట్టదు. తయారుచేసినవాడే ఆ వైరు ఇవ్వలేదంటే "నా మీద అంత బరువు పెట్టకండి బాబూ" అని వాడే చెప్పినట్టు.

మూడో ప్రశ్న: వయసెంత?

ఎస్‌ఎంపీఎస్ లోపల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లుంటాయి. వాటిలో ఉండే ద్రవం ఏళ్ళ తరబడి నెమ్మదిగా ఆరిపోతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్ళు వేసే మోటు లెక్క ఒకటుంది. మావైపు ఎండల సంగతి వేరే చెప్పాలా? వేసవి వస్తే రాష్ట్రంలో ఎండ ఎక్కువ కాసిన ఊళ్ళ జాబితాలో నందిగామ పేరు కనిపిస్తూనే ఉంటుంది. ఏసీ గదిలో పదేళ్ళు బతికిన డబ్బా, రేకుల షెడ్డు పక్క గదిలో మే నెలలు పది దాటిన డబ్బా ఒకటి కాదు. హైవే మీద లారీల దుమ్ము అదనం. మా డబ్బా ఫ్యాను రెక్కల మీద ఎంత దుమ్ముందంటే, తమ్ముడు దాని మీద వేలితో పేరు రాసి చూపించాడు.

వయసు ప్రభావం కూడా ఊహించక్కర్లేదు, కొలవొచ్చు. ఖాళీగా ఉన్న మోలెక్స్ వైరులో పసుపు, నలుపు తీగల మధ్య మల్టీమీటరు పెడితే 12 వోల్టులు కనిపించాలి. ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం ఐదు శాతం అటూ ఇటూ, అంటే 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. మాది ఊరికే ఉన్నప్పుడు 12.1, గేము నడుస్తుంటే 11.5. హద్దు లోపలే ఉంది, కానీ అంచు మీద ఉంది. 130 వాట్లకే ఇంత జారిందంటే, మీద ఇంకో 65 పెడితే ఎక్కడికి జారుతుందో మీరే చెప్పండి.

ఒక హెచ్చరిక. కొలిచేది బయటి వైర్ల దగ్గరే. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు. లోపలి పెద్ద కెపాసిటరులో 325 వోల్టుల దాకా డీసీ ఉంటుంది, ప్లగ్గు పీకేశాక కూడా కాసేపు నిలిచి ఉంటుంది. యూట్యూబ్ చూసి విప్పేవాళ్ళకి దణ్ణం.

ఇక్కడే ఇంకో మాట. తమ్ముడికి ఎస్‌ఎంపీఎస్ మీద అనుమానం ఎందుకొచ్చిందంటే, కరెంటు పోయినప్పుడల్లా ఇన్వర్టరు ఉన్నా కంప్యూటరు రీస్టార్ట్ అవుతోందట. విండోస్ లాగ్‌లో "కెర్నల్-పవర్ 41" అని వస్తోందట. ఆ 41 చూసి చాలామంది డబ్బా పోయిందనుకుంటారు. అదేమీ కాదు. "సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయాను" అని మాత్రమే దాని అర్థం, ఎందుకో అది చెప్పదు. ఇంటి ఇన్వర్టర్లలో సాధారణంగా రెండు మోడ్లుంటాయి. మామూలు మోడులో బ్యాటరీ మీదకి మారడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఎస్‌ఎంపీఎస్ కరెంటు లేకుండా ఊపిరి బిగబట్టగలిగేది పాత ప్రమాణం ప్రకారం ఫుల్ లోడు మీద 16 మిల్లీసెకన్లు. మన 50 హెర్ట్జుల కరెంటులో ఒక్క సైకిలే 20 మిల్లీసెకన్లు! ఇన్వర్టరు వెనకాల స్విచ్చిని యూపీఎస్ మోడుకి తిప్పాను. రీస్టార్టులు ఆగిపోయాయి. ఖర్చు సున్నా. లక్షణం చూసి జబ్బు పేరు పెట్టేయకూడదని మనకి రోజూ బగ్గులు నేర్పే పాఠమేగా ఇది.

నాలుగో ప్రశ్న: ఏ గోడ?

ఈ తతంగమంతా చూస్తూ పిన్ని మామూలుగా ఒక మాటంది. "ఆ డబ్బా ముట్టుకుంటే జుమ్మంటది నాన్నా, నేను చెప్పులేసుకునే తుడుస్తా."

నాకు ఒక్క క్షణం మాట రాలేదు. "ఎప్పట్నుంచి పిన్నీ?" అంటే "నువ్వు తెచ్చి పెట్టినప్పట్నుంచీ" అంది! ఆరేళ్ళ పైన. తమ్ముడేమో "అన్ని కంప్యూటర్లూ అంతేగా అన్నయ్యా" అన్నాడు.

కాదు. ఎస్‌ఎంపీఎస్ గుమ్మంలోనే కరెంటులోని గోలని వడకట్టే చిన్న కెపాసిటర్లుంటాయి. వాటి రెండో కొస క్యాబినెట్ రేకుకి, అక్కణ్ణుంచి ఎర్తుకి కలిసి ఉంటుంది. ఎర్తు సరిగ్గా ఉంటే ఆ కాస్త లీకేజీ భూమిలోకి పోతుంది. ఎర్తు లేకపోతే ఆ రేకు మెయిన్స్‌లో సగం వోల్టేజి దగ్గర, సుమారు 115 వోల్టుల మీద తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జుమ్మంటుందంతే. కానీ రేపు డబ్బా లోపల ఫేజు తీగ రేకుకి తగిలితే, ఎర్తు లేని ఇంట్లో ఫ్యూజు ఎగరదు. ముట్టుకున్న మనిషే ఎర్తు అవుతాడు. అదీ తడిగుడ్డతో తుడిచే మనిషి.

ప్లగ్గు పాయింటులో మీటరు పెట్టి చూశాను. ఫేజుకీ న్యూట్రలుకీ మధ్య 228 ఉంది, బాగానే ఉంది. ఫేజుకీ ఎర్తుకీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. అక్కడ అంకె నిలకడ లేకుండా ఊగిసలాడుతోంది. స్విచ్‌బోర్డు విప్పితే పైన లావు రంధ్రానికి అసలు తీగే లేదు. ఇల్లు కట్టినప్పుడు మూడు పిన్నుల సాకెట్లు పెట్టారు, రెండు తీగలే లాగారు.

బాబాయి వెంటనే వీధిలో ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాడు. ఆయన చూసి "దీనికేముంది, న్యూట్రల్ నుంచి ఎర్తుకి ఒక లూపు కొట్టేస్తా" అన్నాడు. అయ్యా, దయచేసి ఎవరూ ఈ పని చేయించుకోకండి. బయట ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే మీ ఇంట్లో ప్రతి రేకు డబ్బా మీదకీ పూర్తి 230 వోల్టులు వచ్చేస్తాయి. లేని ఎర్తు కంటే దొంగ ఎర్తు ప్రమాదం. చివరికి ఇంకొకాయన్ని పిలిచి, పెరట్లో గొయ్యి తీయించి, జీఐ పైపు దింపి, బొగ్గు, ఉప్పు వేయించి, ఎర్తు తీగ లాగించి, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాం. ఎర్తింగు ఎలా చెయ్యాలో చెప్పడానికి మనకి ఐఎస్ 3043 అని ఒక ప్రమాణమే ఉంది. దాన్ని గోడ దాకా తెచ్చుకోవాల్సింది మాత్రం మనమే. మొత్తం నాలుగున్నర వేలు అయింది.

మావైపు నుంచి విజయవాడ వెళ్ళే దారిలో ఇబ్రహీంపట్నం దగ్గర పొగగొట్టాలు కనిపిస్తాయి, నార్ల తాతారావు గారి పేరు పెట్టిన థర్మల్ స్టేషను. 1979 నుంచి రాష్ట్రానికి కరెంటిస్తోంది. 2023లో ఒక్క 800 మెగావాట్ల యూనిట్టే కొత్తగా కలిసింది. కరెంటు పుట్టే చోటుకి ఇంత దగ్గర్లో ఉండి, ఇంట్లో ఆఖరి పది అడుగుల తీగకి మనం డబ్బులు పెట్టం.

ఇంతకీ ఏం చేశాం?

ఒక న్యాయమైన ప్రశ్న మిగిలింది. ఇంత పాత కంప్యూటరు మీద అసలు డబ్బు పెట్టొచ్చా? విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఐ5-4460 విండోస్ 11 జాబితాలో లేదు. ఈ రెండూ చూస్తే కొత్తది కొనడమే తెలివనిపిస్తుంది. కానీ 2025 చివర్నుంచి ర్యాము ధరలు ఎలా ఎగిరాయో మీకు తెలుసు. అదే ఏడు మొదట్లో మిర్చి రేటు ఎలా పడిపోయిందో మా బాబాయికి తెలుసు. కొత్త కంప్యూటరు మాట ఇంకో రెండేళ్ళ దాకా ఆ ఇంట్లో లేదు.

అప్పుడు ఎక్కడ పెట్టిన రూపాయి నిలబడుతుంది? ప్రాసెసరు రేపు పనికిరాదు. ఈ డీడీఆర్3 ర్యాము కొత్త బోర్డులో పట్టదు. కొత్త కంప్యూటరులోకి ధైర్యంగా మార్చుకోగలిగింది మంచి ఎస్‌ఎంపీఎస్, ఆ కార్డు, ఇంటి ఎర్తు. అంతే. కాబట్టి నా తీర్పు: ముందు ఎర్తు, తర్వాత ఎస్‌ఎంపీఎస్, ఆఖర్న కార్డు. తమ్ముడు అనుకున్న వరసకి సరిగ్గా తలకిందులు.

వాడు ఒప్పుకోవడానికి గంట పట్టింది. "ముందు కార్డు తెచ్చుకుంటా, డబ్బా వచ్చే నెల చూద్దాం, ఈలోపు తక్కువ సెట్టింగుల్లో ఆడతా" అన్నాడు. అప్పుడు నేనడిగింది ఒక్కటే. "ఆ హార్డు డిస్కులో ఎవరి పెళ్ళి ఉందిరా ఇప్పుడు?" రెండు పెళ్ళిళ్ళు, ఒక ఓణీల ఫంక్షను. ఇంకా ఇచ్చేయలేదు, వేరే కాపీ లేదు. చౌక డబ్బాల్లో రక్షణ సర్క్యూట్లు సరిగ్గా లేకపోతే, పోయేటప్పుడు ఒక్కటే పోదు, బోర్డునీ డిస్కునీ వెంట తీసుకుపోవచ్చు. కార్డు పోతే ఏడున్నర వేలు. ఎవరిదో తాళి కట్టే ఘట్టం పోతే? పేట లాంటి ఊళ్ళో మళ్ళీ వాడికి ఎవడిస్తాడు పని? ఇంకేం మాట్లాడలేదు. ఆ రాత్రే ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు మీదకి కాపీ పెట్టించాను.

పేరున్న కంపెనీ 550 వాట్ల డబ్బా, 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది, మూడు వేల తొమ్మిది వందలు. ఎర్తు బాబాయి పెట్టుకున్నాడు, డబ్బా నేను పెట్టాను. 2015లో అడగాల్సిన ప్రశ్న అడగనందుకు ఫైను అనుకోండి. నిజానికి 450 సరిపోతుంది, 550 ఎందుకంటే తర్వాత కంప్యూటరు కోసం. ఉదాహరణకి ఆర్‌టీఎక్స్ 4060కి 115 వాట్లే అయినా ఎన్‌విడియా 550 డబ్బా ఉండాలంటుంది. తేడా కొన్ని వందలే. 650, 850 మాత్రం మాకు దండగ. 80 ప్లస్ ముద్ర కూడా ఎంత పొదుపుగా మారుస్తుందో చెబుతుంది గానీ, ఎంత భద్రమో చెప్పదు. 2021లో ఒక పెద్ద కంపెనీ గోల్డ్ డబ్బాలు టెస్టుల్లో పేలితే ప్రపంచమంతా వీడియోలు చూసింది. అందుకే కొనే ముందు ఆ మోడలుని ఎవరైనా విప్పి పరీక్షించారేమో చదవండి.

నెల తిరిగాక కార్డు వచ్చింది. తమ్ముడే వరండాలో నిలబడి మీటరు లెక్కపెట్టి ఫోను చేశాడు. ఐదు నిమిషాల్లో 73 సార్లు, అంటే మానిటరుతో కలిపి 274 వాట్లు. 12 వోల్టుల తీగ గేములో కూడా 11.95 కంటే దిగలేదు. 600 వీఏ యూపీఎస్సులు మామూలుగా 360 వాట్ల దాకా మోస్తాయి కాబట్టి, కావాలంటే అదీ సరిపోతుంది.

చెప్పొచ్చేదేంటంటే, పాత డబ్బా మార్చాలా వద్దా అనేదానికి "మార్చాలి" అనో "అక్కర్లేదు" అనో జవాబు లేదు. 750 టీఐతోనే ఉండి, వోల్టేజి జారకుండా ఉంటే, నేనే వద్దని చెప్పేవాణ్ణి. భయపెట్టి 850 అమ్మేవాడిదీ, లేబులు చూసి పర్లేదనేవాడిదీ ఒకటే జబ్బు, ఇద్దరూ కొలవలేదు. మనం కొలవగలం. ఇంజనీరింగు చదివాం, ఓమ్ సూత్రం రాసి పాసయ్యాం. ప్రొడక్షన్‌లో చిన్న మార్పుకి పది టెస్టులు రాసేవాళ్ళం, అమ్మ తుడిచే డబ్బాకి ఎర్తు ఉందో లేదో చూడకుండా బెంగళూరులోనో డల్లాస్‌లోనో కూర్చుని గ్రాఫిక్స్ కార్డుల గురించి సలహాలిస్తున్నాం. నేనూ ఆరేళ్ళు అదే చేశాను.

ఈసారి ఊరెళ్ళినప్పుడు బ్యాగులో ఒక మల్టీమీటరు వేసుకెళ్ళండి. ముందు గోడ చూడండి, తర్వాత డబ్బా. ఇంట్లోవాళ్ళని "ఏదైనా ముట్టుకుంటే జుమ్మంటోందా?" అని ఒక్క మాట అడగండి. అడిగేదాకా వాళ్ళు చెప్పరు.

మొన్న పిన్ని ఫోను చేసినప్పుడు అడిగాను, ఇప్పుడు డబ్బా ఎలా ఉందని. "ఏముందీ, చెప్పులు విప్పే తుడుస్తున్నా" అంది.

ఇదండీ సంగతి. మీరేమంటారు?